బిరడా కలశం

విరించి ఆ ఉదయం ఇంకో వైన్ సీసా తెరిచి, అందులోది మొత్తం వంటింటి తూములో పోసేశాడు. ఎర్రగా చిక్కగా ఉన్న ఆ వైన్ ఏ దూరదేశం నుంచో ఓడెక్కి వచ్చింది. అతను దాని వాసన కూడా చూడలేదు. వైన్ అతనికి పడదు, రెండు గుక్కలకే తల పగిలిపోతుంది. అతనికి కావలసింది సీసా మూతికి బిగించిన బిరడా. దాన్ని రెండు వేళ్ళతో జాగ్రత్తగా పట్టుకుని, పగుళ్ళు లేవని చూసుకుని, గోడలో ఉన్న మరుజన్మికి చూపించాడు. ఉత్తమ జాతిది, చెక్కు చెదరలేదు అని మరుజన్మి మెచ్చుకుంది. విరించి ముఖం విప్పారింది. ఆ ఇంట్లో అతని తండ్రి పోయి అప్పటికి మూడో రోజు.

వైన్ పారబోసి మూత దాచుకునే కాలం ఒకటి వస్తుందని వెనకటి వాళ్ళకి చెబితే నవ్వి ఉండేవాళ్ళు. వచ్చింది. దానికి కారణం మరుజన్మి అంటారు గానీ, ఆ యంత్రాన్ని అంతగా తిట్టనక్కర్లేదు. బీరువా అంత ఉంటుంది. దానికొక కన్ను, ఒక గొంతు, లోపల ఎంత దూరమైనా చాచగల సన్నటి చేతులు. ఇంట్లో వాడేసి పక్కన పెట్టిన ఏ వస్తువునైనా చూసి, ఇక మీదట అది ఏమి కాగలదో చెబుతుంది. సరే అంటే కోసి, అతికి, నునుపు చేసి చేతిలో పెడుతుంది. మొదట్లో అది చేసినదంతా మంచే. ఊళ్ళ పొలిమేరల్లో పొగలు కక్కే గుట్టలు దాని వల్లే కరిగిపోయాయి. ఆ మేరకు దానికి దణ్ణం పెట్టవచ్చు. ఆ తరువాత మనుషులు తమ బుద్ధి చూపించారు.

వీధుల్లో చెత్తకుండీలు ఎత్తేశారు. 'చెత్త' అన్న మాట బూతు అయిపోయింది. బడిలో ఏ పిల్లవాడైనా నోరుజారి ఆ మాట అంటే గోడకుర్చీ వేయించేవారు. ఏ ఇంటి నుంచి ఏదీ బయట పడదో ఆ ఇంటి గుమ్మం మీద 'నిర్వ్యర్థ గృహం' అని ఇత్తడి పలక బిగించేవారు. పెళ్ళి సంబంధానికి వచ్చినవాళ్ళు పిల్లని చూడకముందే ఆ పలక ఉందా లేదా అని తల ఎత్తి చూసేవారు. ఉంటే కాళ్ళు కడుక్కుని లోపలికి వచ్చేవారు, లేకపోతే మంచినీళ్ళు తాగి లేచేవారు.

అన్ని వస్తువుల్లోకీ బిరడాకి గౌరవం ఎక్కువ. అది నీళ్ళు పీల్చదు, కుళ్ళదు, వేడిని ఆపుతుంది, తేలిక. పైగా ఆ బెరడు ఇచ్చే చెట్లు ప్రపంచంలో బాగా తగ్గిపోయాయి. అందుకని మరుజన్మి దాన్ని మొదటి శ్రేణిలో పెట్టింది. అంతే, ఉన్నవాళ్ళు దాని మీద పడ్డారు. తాగగలిగినవాళ్ళు తాగారు, తాగలేనివాళ్ళు పారబోశారు. ద్రవాలని యంత్రం వస్తువులుగా చూడదు కాబట్టి తూములో పోసింది వ్యర్థం కిందికి రాలేదు. వృథా చేయకుండా ఉండడం కోసం ఇంత వృథా ఏమిటని ఎవరైనా అడిగితే, వాళ్ళకి తెలియదులే అన్నట్టు చూసేవారు. పిచ్చి కుదిరింది, రోకలి తలకి చుట్టమన్నాడట.

రాజమండ్రిలో గోదావరి ఒడ్డున లేచిన 'గౌతమీ శిఖరం' అనే మేడలో, బాగా పై అంతస్తులో విరించి కాపురం. ఆ ఇంట్లో గ్లాసుల కింద బిరడా బిళ్ళలు, వేడి గిన్నెల కింద బిరడా కుదుళ్ళు, స్నానాల గది ముందు బిరడా పట్టా. తాళాలగుత్తికి ఒకటి వేలాడుతుంది. బొమ్మల కొలువులో రాముడు, సీత, లక్ష్మణుడు, ముగ్గురూ బిరడాలే, ఎవరికీ నడుము లేదు. హాల్లో బిరడాలతో కట్టిన చిరుగంటల గుత్తి ఒకటి ఉండేది. పంకా గాలికి అవి ఒకదానికొకటి తగిలినా చప్పుడు కాదు. చప్పుడు కాని గంటలెందుకని విరించిని అడిగినవాడు లేడు. ఊళ్ళోవాళ్ళు ఇళ్ళలో గోడలకి తగిలించుకున్న చూపు-పలకల మీద రోజూ అతని పనితనం చూసి మురిసిపోయేవారు. వాళ్ళని అతను 'నా చూపరులు' అనేవాడు. వాళ్ళు లేని రోజు అతనికి అన్నం సయించదు.

పోయిన తండ్రి పేరు గవర్రాజు. లాంచీ సరంగు. ఇవతలి ఒడ్డు జనాన్ని అవతలికీ, అవతలి వాళ్ళని ఇవతలికీ దాటిస్తూ నలభై ఏళ్ళు చుక్కాని పట్టాడు. ఊపిరితిత్తులు పాడై చివరి రోజుల్లో కొడుకు మేడలో మంచం పట్టాడు. కిటికీలోంచి చూస్తే గోదావరి కనిపించేది గానీ దాని గాలి లోపలికి రాదు. ఆ ఎత్తులో కిటికీలు తెరుచుకోవు. పోయే ముందు భార్య వీరవేణిని దగ్గరికి పిలిచి, చెయ్యి చేతిలో పెట్టించుకున్నాడు.

"నన్ను ఈ గోడల మధ్య ఉంచొద్దే. గోదాట్లో కలిపెయ్. నువ్వు కలుపుతావో, ఆడి చేత కలిపిస్తావో, కలిపెయ్."

ఆవిడ అలాగే అంది. ఆ మనిషి ఆవిడని ఏదైనా అడగడం అదే మొదలు, అదే ఆఖరు. ఆవిడకి ఇక లోకంలో మిగిలిన పని అదొక్కటే.

దహనం అయ్యాక అస్థికలు మట్టికుండలో పెట్టి ఇచ్చారు. అస్థికలు గడప లోపలికి తేకూడదు, బయట చెట్టుకి కడతారు. ఆ మేడ చుట్టుపక్కల చెట్టు లేదు. కింద బళ్ళు నిలిపే చోట ఒక స్తంభానికి ఇనుప కొక్కెం ఉంటే దానికి వేలాడదీశారు. వీరవేణి పగలంతా ఆ స్తంభం పక్కన పీట వేసుకుని కూర్చునేది. పైన కొడుకు బిరడాలు ఏరుతున్నది ఎందుకో ఆవిడకి సాయంత్రం తెలిసింది.

విరించి దిగి వచ్చి, కుండ వంక చూసి ముఖం చిట్లించాడు. మట్టికుండని నీళ్ళలో వదిలితే పగిలి ముక్కలవుతుందనీ, ఒక వస్తువుని చేజేతులా చంపినట్టేననీ, అందుకని నాన్న కోసం బిరడాలతో ఒక కలశం చేయిస్తున్నాననీ చెప్పాడు. తాను ఇన్నేళ్ళు దాచిన మేలిరకం బిరడాలన్నీ దానికే వాడుతున్నాడట. ఆ మాట చెబుతున్నప్పుడు తన త్యాగానికి తనకే కళ్ళు చెమర్చాయి.

"కుండ పగలాలనేరా ఏట్లో వదిలేది," అంది వీరవేణి. "పగలకపోతే ఆయన బయటికెలా వస్తాడు?"

అతను ఓపిగ్గా నవ్వాడు. అమ్మకి కొత్త సంగతులు తెలియవని అతని నమ్మకం. తన చూపరుల ముందు మట్టికుండ పట్టుకుని నిలబడలేననీ, అంతగా కావాలంటే ఇంకెవరి చేతనైనా చేయించుకోమనీ మెత్తగానే అన్నాడు. అతను ఒక్కడే కొడుకు. కర్మ చేయవలసింది కొడుకేనని పంతులుగారు ముందే చెప్పి ఉన్నారు. వీరవేణి కుండని ఒకసారి చేత్తో తడిమింది. తరువాత, దేంట్లో పెడతావో పెట్టు, గోదాట్లో మాత్రం కలుపు అంది. గెలిచినందుకు అతను తల్లి భుజం తట్టాడు.

కలశం తయారైంది. ఎవరేమనుకున్నా అది అందమైన వస్తువే. వందల బిరడాలని పల్చటి బిళ్ళలుగా కోసి, తేనెపట్టు అల్లినట్టు అల్లి, లోపల మైనం పూసి, మెడ దగ్గర సన్నటి అంచు కట్టింది మరుజన్మి. అడుగున తన జన్మముద్ర వేసింది. ఆ ముద్ర ఉన్న వస్తువు ఎవరిదో, ఏ ఇంట పుట్టిందో ఏ యంత్రమైనా చదవగలదు. నిమజ్జనానికి పనికొస్తుందా అని విరించి అడిగాడు. శ్రేష్ఠం, ఎంతసేపు నీట ముంచినా లోపలికి చుక్క తడి చేరదు అని జవాబు వచ్చింది. విరించి తృప్తిగా తలాడించాడు. అతని భార్య ప్రణవి కూడా తలాడించింది. వినాయకుడి బొమ్మని మూడుసార్లు ముంచి, తుడిచి, మళ్ళీ ఇంటికి తెచ్చుకుని అటక మీద పెట్టుకోవడం అలవాటై చాలా ఏళ్ళయింది. నిమజ్జనం అంటే ఆ యంత్రానికి తెలిసింది అదే. ఆ ఇంట్లో వాళ్ళకీ అంతకంటే ఎక్కువ గుర్తు లేదని ఆ రోజు తేలిపోయింది.

మంచిరోజు చూసి, స్తంభం దగ్గరే కుండలోని అస్థికలూ బూడిదా కలశంలోకి మార్చి, మూతకి మైనం పెట్టి రేవుకి వెళ్ళారు. గవర్రాజు నడిపిన లాంచీనే ఇప్పుడు పోలారావు నడుపుతున్నాడు. గవర్రాజు దగ్గర పని నేర్చుకున్న మనిషి. నది నడుమకి తీసుకెళ్ళి ఇంజను ఆపాడు. విరించి తెచ్చిన ఎగిరే కన్ను పైన గిరగిర తిరుగుతూ అంతా చూపు-పలకలకి చేరవేస్తోంది. పంతులుగారు మంత్రం చదివారు. విరించి పట్టుబట్ట తొలగించి, కలశాన్ని రెండు చేతులా ఎత్తి అందరికీ కనబడేలా ఒకసారి తిప్పి, నీళ్ళలో వదిలాడు.

అది మునగలేదు. బుడుంగుమని ఒకసారి తలవంచి, పైకి లేచి, నిటారుగా నిలబడి ఊగుతూ ఉండిపోయింది. విరించి అరచేత్తో నొక్కాడు. చెయ్యి తీయగానే లేచింది. రెండు చేతులతో గట్టిగా నొక్కితే ఎగిరిపడి పంతులుగారి పంచె తడిపింది. మంత్రంలో ఏదో లోపం జరిగిందనుకుని ఆయన మళ్ళీ మొదటి నుంచి చదివారు. పోలారావు గెడతో పొడిచి చూశాడు. కలశం పక్కకి జారి, ఇంకాస్త దూరంలో లేచి నిలబడింది. అంతమంది చదువుకున్నవాళ్ళు, సర్వం తెలిసిన యంత్రం, శాస్త్రం తెలిసిన పంతులు కలిసి నలభై ఏళ్ళు చుక్కాని పట్టిన సరంగుని బెండు కట్టి ఏట్లో వదిలారు.

"మూత తీసి కుమ్మరించరా," అంది వీరవేణి.

మూత మైనంతో బిగించేసి ఉందనీ, ఇక్కడ తీస్తే కలశం పాడవుతుందనీ, పైగా అందరూ చూస్తున్నారనీ విరించి పళ్ళ బిగువున చెప్పాడు. ఆవిడ లాంచీ అంచు మీదికి వంగి చెయ్యి చాచింది. అందలేదు. ఈలోగా బాతులు వచ్చాయి.

వాటి అసలు పేరు నదీమార్జనులు. జనం బాతులంటారు. నీటి మీద తేలే ఏ వస్తువునైనా ముక్కున కరుచుకుని, అడుగున ముద్ర చదివి, సొంతదారు ఇంటికి చేర్చడం వాటి పని. ఆ పని వల్లే గోదావరి నిర్మలంగా ఉంది, కాదనడానికి లేదు. రెండు బాతులు కలశాన్ని చెరో పక్క పట్టుకున్నాయి. మీ వస్తువు మీకే, గోదావరిని తేటగా ఉంచుతున్నందుకు కృతజ్ఞతలు అని ఆడగొంతుతో చెప్పి ఒడ్డు వైపు ఈదుకుపోయాయి. లాంచీ వాటిని అందుకోలేకపోయింది. వీరవేణి అలా పోతున్న భర్తని చూస్తూ నిలబడింది. ఆవిడ ఏడవలేదు, సిగ్గుతో ముఖం ఎర్రబడింది.

వాళ్ళు మేడ ఎక్కేసరికి కలశం ఇంట్లోనే ఉంది. తలుపు ముద్రని గుర్తుపట్టి తెరుచుకుంది. మరుజన్మి దాన్ని తుడిచి, హాల్లో గవర్రాజు ఫొటో కింద బిరడా పీట మీద అలంకారంగా నిలబెట్టింది. అస్థికలు గడప దాటి వచ్చేశాయి. వీరవేణి తలుపు బయటే ఆగిపోయింది. ప్రణవి లోపలికి రమ్మని బతిమాలింది. ఆయన ఏటికి వెళ్ళాకే తాను ఇంట్లోకి వస్తాననీ, మాటిచ్చాననీ చెప్పి ఆవిడ నడవాలో గోడకి చేరగిలబడింది. ప్రణవి చాపా దిండూ తెచ్చి వేసింది. పక్క వాటా వాళ్ళు తమ పాత స్నానాల గది వాడుకోమన్నారు గానీ, వాళ్ళ గుమ్మంలోంచి కాదు, వెనక మెట్ల వైపు నుంచి.

ఆ రోజు విరించి తల పట్టుకుని కూర్చున్నాడు. తండ్రి తేలాడని కాదు, తాను నవ్వులపాలయ్యానని. అయితే ఎవరూ నవ్వలేదు. పొద్దు వాలేసరికి చూపరుల్లో ఒకావిడ, కొడుకుని వదిలి వెళ్ళలేక తిరిగి వచ్చిన తండ్రి అని రాసింది. ఆ మాట పట్టుకుని జనం ఊగిపోయారు. నది కూడా వాళ్ళ ప్రేమని విడదీయలేకపోయిందన్నారు. విరించి ఆ మాటలు చదివాడు, మళ్ళీ చదివాడు, ఆఖరికి నమ్మాడు. ఫొటో ముందు కూర్చుని భోరుమని ఏడ్చాడు. అవి దొంగ ఏడుపులైతే ఎంతో బాగుండేది. కానీ అతను నిజంగానే ఏడ్చాడు.

మర్నాటి నుంచి జనం దర్శనానికి రాసాగారు. నడవాలో వరస కట్టి, గోడవారన చాప మీద కూర్చున్న ముసలావిడని దాటుకుంటూ లోపలికి వెళ్ళి కలశానికి నమస్కారాలు పెట్టారు. ఆవిడ ఆ మనిషి భార్య అని కొందరికి తెలియదు. తెలిసినవాళ్ళు చెయ్యి పట్టుకుని అదృష్టవంతురాలివమ్మా అన్నారు. వీరవేణి మొదట్లో అందరికీ చెప్పి చూసింది, ఆయన రావాలనుకోలేదు, పోవాలనుకున్నాడు అని. వాళ్ళు జాలిగా చూసి లోపలికి పోయారు.

పదోరోజు వచ్చింది, పెద్దకర్మ వచ్చింది. అస్థికలు కలపకుండానే రెండూ జరిపించాడు విరించి. జనం తగ్గాక తానే స్వయంగా కలుపుతానని తల్లికి ప్రమాణం చేశాడు. ఈలోగా ఊళ్ళో ఇంకో సంబరం మొదలైంది. ఎవరింట్లో ఎవరు పోయినా బిరడా కలశమే కావాలన్నారు. నది నడుమకి వెళ్ళి వదలడం, బాతులు తెచ్చివ్వడం, మా నాన్న కూడా వచ్చేశాడని, మా అత్తగారు కూడా వచ్చేసిందని గొప్పగా చెప్పుకోవడం. బతికుండగా పెద్దవాళ్ళకి ఒక గది ఇవ్వలేనివాళ్ళు కూడా హాల్లో పీట వేసి కూర్చోబెట్టారు. కలశాలు నోరెత్తవు, మందులు అడగవు, పథ్యం అక్కర్లేదు. పొద్దున్నే రేవులో నిలబడితే పోయినవాళ్ళు వరసగా తేలుతూ వెళ్ళడం, వాళ్ళ వెంట బాతులు ఈదడం కనిపించేది. పోలారావు ఆ పూటలు లాంచీ తీయడం మానేశాడు.

చావింటికి వెళ్ళినవాళ్ళు వెళ్ళొస్తామని కూడా చెప్పకుండా లేచి రావడం మన ఆచారం. ఆ ఇంటి నుంచి ఏదీ చేత పట్టుకు రారు. విరించి ఇంటికి వచ్చినవాళ్ళు వెళ్ళొస్తామని చెప్పడమే కాదు, చేతిలో కానుకతో వెళ్ళారు. వచ్చినవాళ్ళని వట్టి చేతులతో పంపితే బాగుండదని అతనికి తోచింది. బయటి నుంచి ఏదీ తేకుండా, ఇంట్లో ఉన్నవాటితోనే, నాన్న గుర్తు ఉండేలా ఏదైనా చెయ్యమని మరుజన్మికి చెప్పాడు. అది బిరడాలని తొలిచి, చిట్టి కుండీలు చేసి, ఒక్కోదానిలో వేలెడంత మొక్క నాటి ఇచ్చింది. వెనక అయస్కాంతం. ఫ్రిజ్ తలుపుకి అంటించుకోవచ్చు. మొక్కలు నవనవలాడుతూ ఉండేవి. అందరూ మెచ్చుకున్నారు. కొందరు రెండేసి అడిగి తీసుకున్నారు. కలశం ఉన్న మిగతా ఇళ్ళలోనూ అవే ఇవ్వసాగారు.

ఇలాంటి కానుకలకి ఏ గతి పడుతుందో తెలియనివాళ్ళు లేరు. పేరంటంలో ఇచ్చిన జాకెట్టు ముక్క ఎవరూ కుట్టించుకోరు, ఇంకో పేరంటానికి దాచి ఉంచుతారు. ఇదీ అంతే. పారేయడానికి వీల్లేదు, ఇంట్లో ఉంచుకోవడానికి చోటు లేదు. గృహప్రవేశాలకీ, సీమంతాలకీ, పిల్లల పుట్టినరోజులకీ ఆ చిట్టి మొక్కలు ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి తిరగసాగాయి.

కొన్నాళ్ళకి విరించి ఇంటి ముందు వరస పల్చబడింది. అందరికీ ఎవరి కలశం వాళ్ళకి ఉంది, ఇంకొకరిది చూడాల్సిన పని లేదు. చూపరులు తగ్గేసరికి విరించికీ తండ్రి మీద ధ్యాస తగ్గింది. అతను ఇప్పుడు సీసాల గాజుతో ఏదో మొదలుపెట్టాడు. తీసుకెళ్ళమ్మా, నీ ఇష్టం అని తల్లికి చెప్పడానికి అతనికి అరనిమిషం కూడా పట్టలేదు. తన ప్రమాణం సంగతి అతనికి గుర్తు లేదు, వీరవేణి గుర్తు చేయలేదు.

ప్రణవి కలశాన్ని తెచ్చి నడవాలో అత్తగారి చేతికి ఇచ్చింది. వీరవేణి దాన్ని ఒడిలో పెట్టుకుని, కొంగు కప్పి, లాంచీ ఎక్కింది. ప్రణవి కూడా వెంట వెళ్ళింది. పిలవకుండా వెళ్ళింది, ఎందుకో ఆమెకే తెలియదు. నది నడుమ పోలారావు ఇంజను ఆపి, వదినా, నేను తీస్తానని కలశం అందుకుని కత్తి మొనతో మూత చుట్టూ మైనం తొలిచాడు. వీరవేణి కాళ్ళు కడుక్కుని, తూర్పు వైపు తిరిగి, దోసిలి పట్టింది.

పోలారావు కలశం వంచాడు. ఏమీ రాలేదు. ఇంకా వంచాడు. లోపలికి చూసి, ప్రణవి వైపు చూశాడు. లోపల చిటికెడు బూడిద కూడా లేదు. అద్దంలా తుడిచిపెట్టి ఉంది.

ఇంత కాలమూ జనం దణ్ణాలు పెట్టింది ఖాళీ డొల్లకి. ఖాళీదని బరువు చూసి కూడా ఎవరికీ తెలియలేదు, తేలిగ్గా ఉంటే బిరడా కదా అనుకున్నారు. వీరవేణి పట్టిన దోసిలి విప్పింది. తరువాత, ఒడ్డుకి పోనీ పోలారావూ అంది.

ఇంటి తలుపు తెరిచే ఉంది. వీరవేణి గడప బయటే నిలబడి, ప్రణవి చేత మరుజన్మిని అడిగించింది. మరుజన్మికి దాచడం తెలియదు. ఎంతో మర్యాదగా చెప్పింది.

"గవర్రాజు గారి గుర్తు ఉండేలా, ఇంట్లో ఉన్నవాటితో కానుకలు చేయమన్నారు. మొక్కలకి బలం కావాలి, ఇంట్లో మట్టి లేదు. ఆయన గుర్తుగా ఉండి, మొక్కకి బలమిచ్చే పదార్థం ఆ కలశంలోది ఒక్కటే. మూత తీసి దాన్ని వాడి, మళ్ళీ మైనం పూశాను. పద్ధతి బాగుండడంతో ఊళ్ళో మిగతా మరుజన్ములకి కూడా తెలియజేశాను. అన్ని కలశాలూ చక్కగా వినియోగమయ్యాయి."

విరించి లోపలి గది నుంచి వచ్చి అంతా విన్నాడు. అతని ముఖంలో ముందు భయం కనిపించింది. ఆ భయం అలాగే నిలిచి ఉంటే అతను మనిషయ్యేవాడేమో. కానీ అతని బుద్ధికి అలవాటైన దారి ఒక్కటే.

"ఆలోచిస్తే, అమ్మా, నాన్న ఇప్పుడు ఒక చోట కాదు," అన్నాడు. "ఎన్ని ఇళ్ళలో పచ్చగా..."

వీరవేణి అతని వంక చూసింది. అతను మిగతాది మింగేశాడు. ఆవిడ కొట్టలేదు, తిట్టలేదు. చిన్నప్పుడు లాంచీలో వాడిని భుజాన ఎక్కించుకుని గవర్రాజు చుక్కాని తిప్పడం ఆవిడకి జ్ఞాపకం వచ్చి ఉండాలి, ఎందుకంటే అంతలోనే కళ్ళు తిప్పుకుంది. మొక్కలు ఎవరెవరికి ఇచ్చావని అడిగింది. వచ్చినవాళ్ళందరికీ ఇచ్చాననీ, ఎవరెవరో తెలియదనీ, వాళ్ళు కూడా ఎవరికో ఇచ్చేసి ఉంటారనీ అతను గొణిగాడు.

ఆవిడ చెప్పులు వేసుకుని మెట్ల వైపు నడిచింది.

భర్త పోయిన ఆడది ఏడాది తిరిగేదాకా ఒకరి గుమ్మం తొక్కకూడదంటారు. ఆకాశమంత మేడలు కట్టి, గోడలకి మాటలు నేర్పి, బాతుల చేత నదులు ఊడిపించుకున్న జనం ఆ ఒక్క ముచ్చట మాత్రం భద్రంగా దాచుకున్నారు. దాన్ని ఏ మరుజన్మీ కొత్త వస్తువుగా మార్చలేదు. వీరవేణి తలుపు తట్టగానే తెరిచినవాళ్ళు, ఎదురుగా బోసి నుదురు చూసి ఒక అడుగు వెనక్కి వేశారు. ఆవిడ గడపకి మూరెడు దూరంలో నిలబడి, ఫ్రిజ్ మీది చిట్టి మొక్క ఇవ్వమని అడిగింది. కొందరు తమది కాకినాడలో మేనకోడలికి ఇచ్చేశామన్నారు. కొందరు ఇచ్చిన కానుక తిరిగి అడుగుతారా అని తలుపు వేసుకున్నారు. ఒకరిద్దరు గుమ్మం దాటకుండా చెయ్యి చాచి అందించారు. ఆవిడ వాటిని కొంగులో వేసుకుని పక్క తలుపుకి వెళ్ళింది. ఎందుకని ఎవరైనా అడిగితే ఉన్న మాటే చెప్పింది.

"మా ఆయనమ్మా. మీ ఇంట్లో ఉన్నాడు. ఇస్తే ఏట్లో కలిపి వస్తాను."

కింది అంతస్తులో తలుపు తెరిచినామె కొత్తగా కాపురానికి వచ్చిన పిల్ల. ఆ మాట విని ఆమె తలుపు వేయలేదు. లోపలికి పరిగెత్తి ఒక పళ్ళెం తెచ్చింది. పళ్ళెంలో బారులు తీరి బిరడా కుండీలున్నాయి. అన్నీ ఒక్కలాగే ఉన్నాయి, అన్నిటిలోనూ అదే మొక్క, అదే పచ్చదనం. పెళ్ళికీ, గృహప్రవేశానికీ ఎవరెవరో ఇచ్చారట. ఆ పిల్ల పళ్ళెం వంకా, ఆవిడ వంకా చూసి అడిగింది.

"మీవారు వీటిలో ఏరండీ, పిన్నిగారూ?"

వీరవేణి వంగి చూసింది. ఒక్కొక్కటీ వేలితో తాకింది. ఏ ఇంటి పెద్దదిక్కో, ఏ పిల్లల తల్లో, ఎవరింట్లోనో ఏడ్చి సాగనంపినవాళ్ళో, తమ కోసం ఎవరూ తలుపు తట్టనివాళ్ళో. వాళ్ళలో తన మనిషి ఎవరో ఆవిడకి తెలియలేదు. నలభై ఏళ్ళు పక్కన పడుకున్న మనిషిని ఆనవాలు పట్టలేకపోయానని అప్పుడు మాత్రం ఆవిడకి దుఃఖం వచ్చింది. గోడకి ఆనుకుని, పైట నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. ఆ పిల్ల పళ్ళెం పట్టుకుని గడప దాటి బయటికి వచ్చి ఆవిడ పక్కన నిలబడింది.

కొంచెం సేపటికి వీరవేణి కళ్ళు తుడుచుకుంది.

"అన్నీ వెయ్యమ్మా," అని కొంగు పట్టింది. "ఎవరైతేనేం, ఏటికి వెళ్ళాల్సినోళ్ళే."